కప్పల అరుపుకూ లెక్క ఉంది

బండ దొనల్లో, ఎర్రనేలలో దాగిన జీవాలు - పలమనేరు అడవిలో బయటపడిన విశేషం

పుట్టపర్తి: తొలకరి వాన గట్టిగా కురిసిన రాత్రి బుక్కపట్నం చెరువు కట్ట మీద నిలబడితే చెవులు గింగురుమంటాయి. ముందురోజు దాకా ఒక్క కప్ప కూడా కంటబడని నేలలో ఒక్క రాత్రికే ఇన్ని కప్పలు ఎక్కడినుంచి వచ్చాయని పిల్లలు అడుగుతారు. వానతోపాటు మబ్బులోంచి పడ్డాయని పెద్దలు చెప్పి ఊరుకుంటారు. నిజానికి అవి మబ్బులోంచి పడినవి కావు. ఏడెనిమిది నెలలుగా మన కాళ్ళ కిందనే ఉన్నాయి.

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడక ముందు నుంచీ, అంటే ఇదంతా అనంతపురం జిల్లాగా ఉన్న కాలం నుంచీ, ఈ ప్రాంతానికి కరువు సీమ అనే పేరు స్థిరపడిపోయింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. పెనుకొండ, ధర్మవరం, కదిరి పరిసరాల్లో ఎటు చూసినా బండరాళ్ళ గుట్టలు, ముళ్ళకంపలు. ఇలాంటి చోట తడి లేనిదే బతకలేని కప్పకు ఏం పని అనిపించడం సహజం. అయితే ఇక్కడి కప్పలు ఇక్కడి రైతు లాంటివే. వాన రాని కాలాన్ని ఎలా గడపాలో నేర్చుకున్నాయి.

ఎర్రనేలల్లో ఉండే నేల తవ్వే కప్పను చూడండి. బొద్దుగా, పొట్టిగా ఉంటుంది. వెనుక కాలి మడమ దగ్గర పార అంచు లాంటి గట్టి కణుపు ఒకటి ఉంటుంది. మనిషి ముందుకు తవ్వితే ఇది వెనక్కు తవ్వుకుంటూ దిగిపోతుంది. చూస్తుండగానే వెనుక భాగం మట్టిలో కూరుకుపోయి, చివరికి రెండు కళ్ళు మాత్రం మిగిలి, అవీ మాయమవుతాయి. చెమ్మ తగిలే లోతున కదలక మెదలక కూర్చుని, వాన నీరు ఇంకినప్పుడే పైకి వస్తుంది. పట్టుకుంటే బుడగలా ఉబ్బే మరో రకం కప్పకు చెదలే ఆహారం. దూలాల మీద, స్నానాల గదుల్లో గోడకు అతుక్కుని కనిపించే చెట్టుకప్ప నీటి పైకి వంగిన కొమ్మకో, తొట్టి గోడకో నురుగు ముద్ద అంటించి అందులో గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు నురుగు జారి కింద నీళ్ళలో పడతాయి. ఇక దీపస్తంభం కింద కూర్చుని రాలిన పురుగులను ఏరుకు తినే గోండ్రుకప్ప, వాన రాత్రుల్లో పసుపు పూసుకున్నట్టు రంగు మారి బుగ్గల పక్క నీలి తిత్తులు ఉబ్బించి అరిచే గోదురుకప్ప అందరికీ తెలిసినవే. గోదురుకప్పల్లో ఆ రంగు, ఆ అరుపు మగవాటివి మాత్రమే.

ఇంతవరకు ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. అయితే మన చుట్టుపక్కల ఉన్నవి ఇవేనా, ఇంకా ఉన్నాయా అన్న ప్రశ్నకు పొరుగు జిల్లాలో ఈమధ్య ఒక జవాబు దొరికింది.

పలమనేరు అడవిలో సింహళ కప్ప

చిత్తూరు జిల్లా పలమనేరు సమీపంలోని కౌండిన్య అభయారణ్యం ఏనుగులకు పేరుపడింది. చెరకు తోటల మీద, వరి మళ్ళ మీద పడే ఏనుగుల గొడవే ఆ అడవి గురించి పత్రికల్లో ఎక్కువగా వస్తూ ఉంటుంది. ఆ అడవిలో నీటి మొక్కలు దట్టంగా పెరిగిన ఒక కుంటలో, వీపు బంగారు రంగులో మెరిసే కప్పను భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ పరిశోధకులు గుర్తించారు. ఈ సంగతి 2025 ఆరంభంలో వెల్లడైంది. ఆ కప్ప శ్రీలంకకు చెందినది. 1829లో గ్రావెన్‌హార్స్ట్ అనే జర్మనీ శాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. దాదాపు రెండు వందల ఏళ్ళుగా శ్రీలంక కప్పగానే పుస్తకాలకెక్కినది మన రాయలసీమ కుంటలో కూర్చుని ఉంది!

అదే పరిశోధనలో శ్రీలంకకే పరిమితమనుకున్న పొదకప్ప కూడా ఒకటి మన రాష్ట్రంలో కనిపించింది. ఆ పొదకప్పల కుటుంబం సంగతి వింటే కప్పకు నీళ్ళే ఆధారమన్న మాట కూడా మార్చుకోవలసి వస్తుంది. ఇవి చెమ్మగిలిన మట్టిలోనే గుడ్లు పెడతాయి. తోకతో ఈదే దశ వీటికి లేదు. గుడ్డులోనే ఆ దశ గడిచిపోయి, చిట్టి కప్పే నేరుగా బయటికి వస్తుంది.

సముద్రం దాటి కప్పలు ఎలా వచ్చాయి? దాటలేదు. మంచుయుగాల్లో సముద్ర మట్టం బాగా దిగిపోయినప్పుడు రామేశ్వరానికీ సింహళానికీ మధ్య నేల తేలి ఉండేది. ఆ దారిన జంతువులు అటూ ఇటూ తిరిగాయి. తరువాత నీరు పెరిగి దారి మూసుకుపోయింది. అటువైపు ఉన్నవి అటు, ఇటువైపు ఉన్నవి ఇటు మిగిలిపోయాయి.

ఇది ఒక్క పలమనేరు ముచ్చట కాదు. 2020లో బెంగళూరు శివారు బీడు నేలలో దొరికిన నేల తవ్వే కప్పను కొత్త జాతిగా నిర్ధారించి ఆ నగరం పేరే పెట్టారు. హిందూపురం నుంచి ఆ నగరం వంద కిలోమీటర్ల పైమాట, అంతే. 1876లో గుంథర్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించిన ఒక గోండ్రుకప్ప శతాబ్దానికి పైగా పరిశోధకులకు దాదాపు కనబడకుండా పోయి, ఈ శతాబ్దంలో దక్షిణాది బండనేలల్లో మళ్ళీ దొరికింది. మన రాష్ట్రంలోనూ కనిపించింది. పచ్చని పడమటి కనుమలనే తప్ప ఎండిన తూర్పు గుట్టలను పట్టించుకోని చదువుకు ఇవన్నీ సవాలే. కప్పల శాస్త్రమంటే కేరళ, కర్ణాటక అడవులేనన్న అభిప్రాయం చాలాకాలం సాగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.డి. బిజు వంటి వారు అక్కడ చేసిన కృషి గొప్పది, సందేహం లేదు. ఆయన ఆధ్వర్యంలో 2010లో దేశంలో కనబడకుండా పోయిన కప్పల కోసం ప్రత్యేక అన్వేషణ కూడా మొదలైంది. కానీ బండ మీద కూడా చూడాలి.

తోక ఉన్న కప్పలు

కప్పల బంధువర్గం పెద్దది. సాలమాండర్ అనేది అందులో తోక ఉన్నది. చూడటానికి బల్లిలా ఉంటుంది గానీ ఒంటి మీద పొలుసులు ఉండవు, చర్మం తడిగా ఉంటుంది. మన గుట్టల్లో ఇవి లేవు. దేశంలో చూడాలంటే డార్జిలింగ్, సిక్కిం కొండలకు, ఈశాన్యానికి పోవాలి. మూడో రకానికి కాళ్ళు కూడా ఉండవు, వానపాములా మట్టిలో ఉంటుంది. తూర్పు కనుమల నుంచి ఆ రకంలో ఒక కొత్త జాతిని 2013లో ప్రకటించారు. ఇలాంటిది కంటబడితే పాముపిల్ల అనుకుని చంపేసే ప్రమాదమే ఎక్కువ.

అమెరికాలోని గ్రేట్ స్మోకీ పర్వతాల్లో ఒక్కచోటనే ముప్పై రకాల సాలమాండర్లు ఉన్నాయి. వాటిలో చాలా రకాలకు ఊపిరితిత్తులే లేవు. చర్మంతోనే గాలి పీల్చుకుంటాయి. అక్కడి అడవుల్లో వాటిని లెక్కించడానికి ఒక సులభమైన ఉపాయం వాడతారు. నేల మీద చెక్కపలకలు వరసగా పరిచి వదిలేస్తారు. పలక కింద చెమ్మ నిలుస్తుంది, చెమ్మకు సాలమాండర్ చేరుతుంది. కొన్నాళ్ళకొకసారి పలకలెత్తి, కింద ఉన్నవాటిని లెక్కపెట్టి, కొలిచి, మళ్ళీ పలక మూసి వస్తారు. ఏళ్ళ తరబడి అవే పలకలు, అదే చోటు. సాలమాండర్ కప్పలా కూత పెట్టదు కాబట్టి ఈ తంటా. మన కప్పలకు ఆ లోటు లేదు. వాటిని చెవితోనే లెక్కించవచ్చు.

అదే దేశంలో 1997 నుంచి 2015 వరకు కప్పల అరుపులు వినే కార్యక్రమం ఒకటి పెద్దఎత్తున జరిగింది. అందులో పాల్గొన్నవారిలో ఎక్కువమంది శాస్త్రజ్ఞులు కారు, మామూలు జనమే. పొద్దుగూకిన అరగంట తర్వాత బయలుదేరి, ముందే ఖాయం చేసుకున్న దారిలో పది చోట్ల బండి ఆపి, ఒక్కోచోట అయిదు నిమిషాలు మాట్లాడకుండా వినేవారు. ఏ రకం అరిచిందో రాసుకుని దాని పక్కన ఒక అంకె వేసేవారు. విడివిడిగా లెక్కపెట్టగలిగేటట్లు అరిస్తే 1. అరుపులు ఒకదానిమీద ఒకటి పడుతున్నా విడదీయగలిగితే 2. ఎన్ని ఉన్నాయో తెలియనంత ఏకధాటిగా అరిస్తే 3. ఈ మూడంకెల లెక్కతో ఎక్కడ కప్పలు తగ్గుతున్నదీ తెలుసుకునేవారు.

ఏ రకం కప్ప అరుపు ఆ రకానిదే కావడం వల్ల ఇది సాధ్యమైంది. మగకప్ప పిలుపు విని ఆడకప్ప తన జాతివాడి దగ్గరకే పోవాలి కదా. గోండ్రుకప్ప సాగదీసి కూస్తుంది. చెట్టుకప్ప చెక్క మీద వేలితో కొట్టినట్టు టకటకలాడిస్తుంది. బొటనవేలి గోరంత ఉండే చిన్న కప్ప, తన ఒంటికి మించిన గొంతుతో కీచురాయిలా గీరుతుంది. పశువులు కాసే పిల్లలకు ఈ తేడాలు ఎవరూ నేర్పకుండానే తెలుసు.

అడవుల్లో పనిచేసే పరిశోధకులు చెవితోపాటు కంటినీ వాడతారు. రాత్రి టార్చిలైట్లతో గంటసేపు నడిచి కనిపించిన ప్రతి కప్పనూ రాసుకుంటారు. ఎత్తిన రాయిని ఎత్తినట్టే మళ్ళీ పెట్టేస్తారు. రాయి బోర్లా పడితే దాని కింది చెమ్మ పోయి, ఆ జీవం ఇల్లు పోయినట్టే. గాలిలో తేమ, వేడి కూడా రాస్తారు. కొత్తదేమో అన్న అనుమానం వస్తే కొలతలు తీసి, శరీరంలోని చిన్న నమూనాతో జన్యు పరీక్ష చేయిస్తారు. చూపుకు ఒకేలా ఉండే రెండు కప్పలు వేర్వేరు జాతులని తేలడం ఇప్పుడు సర్వసాధారణం.

నీళ్ళు ఉంటే చాలదు

ఇక మన జిల్లా విషయానికి వస్తే, ఇక్కడి చెరువుల చరిత్ర పాతది. పెనుకొండకు నీళ్ళు తెమ్మని బుక్కరాయలు ఆజ్ఞాపించగా సింగయభట్టు అనే జలసూత్రజ్ఞుడు పెన్నేటి నుంచి సిరువేర చెరువుకు కాలువ తవ్వించినట్లు 1388 నాటి శాసనం చెబుతోంది. ఆ తవ్వకాలన్నీ మనిషి కోసం జరిగినవే అయినా కప్పకూ, కొంగకూ, చేపకూ ఆదరువయ్యాయి. మన కాలంలో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్ళు పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయం దాకా వచ్చాయి. రైతుకు ఇంతకన్నా శుభవార్త ఉండదు.

నీళ్ళు వచ్చాయి కనుక కప్పలు కూడా పెరుగుతాయని అనుకుంటే మాత్రం పొరపాటు. ఏడాది పొడుగునా నీరు నిలిచే చెరువులో చేపలు ఉంటాయి. చేపకు తోకకప్ప ఇష్టమైన తిండి. నేల తవ్వే కప్ప, ఉబ్బుడు కప్ప వంటివి తరతరాలుగా చేపలు లేని నీటినే వెతుక్కుంటాయి. అంటే నాలుగు వానలకు నిండి, కొద్ది వారాలకు ఎండిపోయే కుంటలు, వంకల్లోని మడుగులు, బండల మీది దొనలు. ఆ నీరు ఎండేలోగా గుడ్డు పొదగాలి, తోక ఊడాలి, కాళ్ళు రావాలి, గట్టెక్కాలి. పందెం లాంటి బతుకు. వాన ఒక వారం ముందుగా మొహం చాటేస్తే ఆ ఏటి పిల్లలు బురదలోనే ఎండిపోతాయి.

దురదృష్టమేమంటే మనం మొట్టమొదట చదును చేసేది అలాంటి కుంటనే. పెద్ద చెరువుకు కట్ట ఉంది, ఆయకట్టు ఉంది, రికార్డుల్లో పేరు ఉంది. ఊరి బయట గేదెలు పొర్లాడే చిన్న కుంటకు ఏమీ లేదు. ఇళ్ళ స్థలాలకో, రోడ్డు మట్టికో, చెత్తకో అది పోతుంది. గుట్ట మీద దొన ఉన్న బండను క్వారీకి కొడితే దానితోపాటు దొనా పోతుంది. వేసవిలో మేకలు, నెమళ్ళు నీళ్ళు తాగేది కూడా ఆ దొనల్లోనే అన్న సంగతి గొర్రెల కాపరులకు వేరే చెప్పనక్కర్లేదు. పొలంలో తవ్విన పంట కుంట చాలావరకు ఈ లోటు తీర్చగలదు. కాకపోతే అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి గోడలు నిలువుగా ఉంచితే అందులో దిగిన కప్ప ఎక్కిరాలేదు. ఒక మూల నాలుగు రాళ్ళు మెట్టుగా పేర్చితే సరిపోతుంది.

బూజు తెగులు

ప్రపంచంలో కప్పలకు వచ్చిన కష్టం ఒక్క నీటి కరువు కాదు. 2023లో వెలువడిన అంతర్జాతీయ అంచనాలో 8,011 జాతులను పరిశీలించగా ప్రతి అయిదింటిలో రెండు అంతరించే ప్రమాదంలో ఉన్నట్లు తేలింది. సాలమాండర్ల పరిస్థితి మరీ అన్యాయం, అయిదింటిలో మూడు. పక్షులకన్నా, పాలిచ్చే జంతువులకన్నా వీటికే ఎక్కువ ముప్పు. 2004 తర్వాత పరిస్థితి దిగజారిన జాతుల్లో చాలావాటికి వాతావరణంలో మార్పే ముఖ్య కారణమని ఆ అంచనా చెబుతోంది.

రెండోది చర్మానికి పట్టే ఒక రకం బూజు. కప్ప నోటితో నీళ్ళు తాగదు. చర్మంతోనే పీల్చుకుంటుంది, చర్మంతోనే కొంత ఊపిరి కూడా తీస్తుంది. ఆ చర్మం చెడితే దాని ఒంట్లో లవణాల తూకం తప్పి గుండె ఆగిపోతుంది. ఈ బూజు వల్ల ప్రపంచంలో కనీసం 501 జాతులు క్షీణించాయని, వాటిలో 90 దాకా అంతరించినట్లు భావించాలని 2019లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మన దేశపు కప్పల మీద కూడా ఈ బూజు కనిపించింది గానీ, ఆస్ట్రేలియాలో, పనామాలో జరిగినట్లు గుంపులు గుంపులుగా చావడం ఇక్కడ కనబడలేదు. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు దీని ఆనవాలు పట్టే కొత్త పరీక్షను 2025లో రూపొందించారు. కప్ప ఒంటిని దూదిపుల్లతో తుడిచి ఆ దూదిని పరీక్షిస్తే చాలు, కప్పను చంపనక్కర్లేదు. ఒక అడవి బురద ఇంకో అడవికి చేరకుండా పరిశోధకులు చెప్పులు, బూట్లు కడుక్కుని మరీ వెళ్ళడానికి కారణం ఈ బూజే.

మనుషుల వల్ల జరిగిన నష్టమూ తక్కువది కాదు. కప్ప కాళ్ళను విదేశాలకు ఎగుమతి చేసిన రోజులు ఈ దేశంలో ఉండేవి. 1980ల మొదట్లో ఏడాదికి వేల టన్నులు ఓడలెక్కాయి. వాటిలో గోదురుకప్పలే ఎక్కువ. పొలాల్లో పురుగును తినే జీవాన్ని అమ్ముకుని పురుగుమందు కొనుక్కోవడమేమిటన్న విమర్శలు పెరిగాక 1987లో ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. వేరుశనగను పీడించే ఎర్రగొంగళి పురుగు రెక్కల పురుగులు తొలకరి వానకే నేలలోంచి లేస్తాయి. వాటికోసం రైతులు పొలంలో మంటలు వేసే రాత్రుల్లోనే కప్పలూ నేలలోంచి లేస్తాయి. ఈ రెండింటి వేళ ఒకటే కావడం రైతుకు లాభమే.

కప్పను ముడితే పులిపిర్లు వస్తాయన్న భయానికి ఆధారం లేదు. గోండ్రుకప్ప కళ్ళ వెనుక ఉబ్బెత్తు గ్రంథుల్లో మంట పుట్టించే పాల లాంటి ద్రవం ఉంటుంది. కంటికి తగలకుండా చేయి కడుక్కుంటే సరి. నిజానికి ముప్పు మన చేతినుంచే దానికి. సబ్బు, పొగాకు, పురుగుమందు అంటిన చేయి దాని చర్మానికి విషం. వానలు రాని ఏడు కప్పను రోకలికి కట్టి, వేపమండలతో ఇల్లిల్లూ తిప్పి నీళ్ళు పోయించే ఆచారం మన పల్లెల్లో ఉన్నదే. నీళ్ళు పోసేంతసేపూ కప్పకు సుఖమే. ఎండలో కట్టి ఉంచినంతసేపే దానికి ప్రాణసంకటం.

హిందూపురం దగ్గర వీరాపురం సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఏటా ఆ ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టే కొంగలు సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అంటారు. అవి సైబీరియా పక్షులు కావు, ఈ దేశపు ఎర్రమూతి కొంగలే. చుట్టుపక్కల చెరువుల్లో చేపలు, వాటితోపాటు కప్పలు దొరికితేనే గూటిలో పిల్లలు పెరుగుతాయి. వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకోవడం ఆ ఊరివారికి ఎవరో నేర్పినది కాదు. కొంగలు వచ్చాయా లేదా అన్నది ఊరంతా ఏటా చూస్తుంది. కప్పలను అలా చూసేవారు లేరు.

చూడాలనుకున్నవారికి ఖర్చు లేదు. ఒక చెరువు, ఒక చిన్న కుంట, గుట్టమీద ఒక దొన ఎంచుకుంటే చాలు. పెద్దవాన కురిసిన రాత్రి పొద్దుగూకిన అరగంటకు అక్కడికి చేరాలి. పాముల భయం ఉంటుంది కనుక టార్చిలైటు, కాళ్ళకు బూట్లు తప్పనిసరి. పిల్లలు ఒంటరిగా పోకూడదు. వెళ్ళగానే కప్పలు నోరు మూసుకుంటాయి. కాసేపు కదలకుండా ఉంటే మళ్ళీ మొదలుపెడతాయి. అప్పటినుంచి అయిదు నిమిషాలు. తేదీ, వాన కురిసిన వేళ, చోటు పేరు, ఎన్ని రకాల అరుపులు వినిపించాయి, ఒక్కో రకానికి ఒకటా, రెండా, మూడా అన్నది నోటుబుక్కులో రాసుకోవాలి. అసలు అరుపే లేకపోతే సున్నా వేయాలి, అదీ లెక్కే. వచ్చే ఏడు తొలివాన రాత్రి మళ్ళీ అదే చోట నిలబడాలి.